మూడేండ్ల ఖాళీ

వనపర్తిలో ఎవరో నెట్ సెంటర్ ఆయనను పోలీసులు పట్టుకుపోయారట. ఈ మాట పక్క దుకాణంలో జాకెట్లు కుట్టే కిష్టమ్మకు వాళ్ళ ఆడబిడ్డ ఫోన్లో చెప్పింది. ఆడబిడ్డకు ఎవరు చెప్పారో కిష్టమ్మకు తెలియదు. తెలియకపోయినా కంప్యూటర్‌తో సహా జీపెక్కించారని, పెండ్లాం చెప్పులు లేకుండా వెంట ఉరికిందని, కండ్లతో చూసినట్టే మాలతికి చెప్పుకొచ్చింది.

"ఏం జేసిండట?" మాలతి అడిగింది.

"పోరలకు నౌకరి కాయితాలల్ల లేనిపోనివి రాసిచ్చిండట. చెయ్యని కంపెనీల చేసిన్రని. నీకెందుకు పరేషాన్, నువ్వు గసుంటివి రాయవు గద."

మాలతి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కిష్టమ్మ అటు పోగానే టేబుల్ సొరుగు కొద్దిగా తెరిచి చూసింది. లోపల పాత బటన్ ఫోన్ పడి ఉంది. మోగలేదు. సొరుగు మూసేసింది. మళ్ళీ తెరిచి చూసింది.

గద్వాల బస్టాండ్ దగ్గర మాలతి నెట్ సెంటర్ నడపబట్టి ఆరేండ్లు. మాలతి రెజ్యూమె చేస్తే ఇంటర్వ్యూకు పిలుపు వస్తుందని ధరూర్ దాకా పేరు. ఆ పేరు విని పోయిన నెల సుష్మిత వచ్చింది. బీఎస్సీ బాటనీ, మంచి మార్కులు. విత్తనాల కంపెనీలకు మూడుసార్లు దరఖాస్తు పెట్టినా ఒక్కరూ పలకలేదట. మాలతి ఆ కాగితం చూసి ఎందుకు పలకలేదో వెంటనే చెప్పేసింది. డిగ్రీ అయిన తర్వాత మూడేండ్లు ఖాళీగా ఉన్నాయి.

"ఈ మూడేండ్లు ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే అక్కా. మా చేన్లకు పోయిన."

చేను పని ఎవరు రాస్తారు? మాలతి ఆ ఖాళీలో ఒక విత్తనాల కంపెనీని పుట్టించింది. దానికొక మేనేజర్‌ను పెట్టి, లత అని పేరు రాసి, ఈ బటన్ ఫోన్ నంబరు వేసింది. ఎవరూ ఫోన్ చేయరులే అనుకుంది. ఆరేండ్లలో ఎవరూ చేయలేదు కూడా.

ఆ రోజే, మంగళవారం, పదకొండు గంటలకు సుష్మిత తండ్రి బండి మీద దిగింది. తండ్రి నాగప్ప పత్తికి మందు కొనే పనిమీద వచ్చి, నీడకని లోపలికొచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"గురువారం ఇంటర్వ్యూకు రమ్మన్నరు అక్కా. ఫీల్డ్ సూపర్‌వైజర్ నౌకరి." సుష్మిత గొంతు తగ్గించింది. "పాత మేనేజర్‌తోని ఇయ్యాల్నే మాట్లాడుతరంట."

"మేనేజర్ ఎవరే?" నాగప్ప అడిగాడు.

సుష్మిత కంప్యూటర్ వైపు తిరిగింది. ఆఫీసు సంగతి మనకెందుకులే అనుకొని ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం వాళ్ళిద్దరికీ లేదు.

సొరుగులో ఫోన్ మోగింది.

మాలతి ముట్టుకోలేదు. మోగి మోగి ఆగిపోయింది. ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ మొదలైంది. ఎత్తకపోతే పిల్ల నౌకరి పోతుంది. ఎత్తితే ఏమవుతుందో కిష్టమ్మ పొద్దున్నే చెప్పింది. సుష్మిత కండ్లల్లో నీళ్ళు చూసి మాలతి ఎత్తింది. ఆ ఫోన్ స్పీకర్లో తప్ప వినబడదు.

"లత గారేనా? సుష్మిత మీ దగ్గర ఏం పని చూసేది?" ఆడగొంతు, నెమ్మదిగా ఉంది.

"క్రాసింగ్ మేడం. పత్తి విత్తనం."

"మొగ్గలు ఎప్పుడు గిల్లించేవారు?"

మాలతి మగ్గాల ఇంట్లో పుట్టింది. పత్తి మొగ్గను దగ్గరగా చూసిందే లేదు. సుష్మిత చేయి ఊపుతూ ఏదో చెప్పబోయింది గానీ మాలతికి ఏమీ అర్థం కాలేదు.

"పొద్దుగాల్నే మేడం."

"పొద్దున మొగ్గలు గిల్లేవారా?"

"పొద్దుగాల ఎవడు గిల్లుతడు?" నాగప్ప బల్ల మీదనుంచి లేచి వచ్చాడు. "మాపటికి గిల్లాలె, తెల్లారి పువ్వు విచ్చుకున్నంక మగపువ్వు రుద్దాలె. ఒక్క మగపువ్వుతోని నాలుగైదు పువ్వులకు. గామె పట్నం మనిషి మేడం, గామెకేం తెలుసు."

సుష్మిత తండ్రి అంగీ పట్టుకొని గుంజింది. ఆయన చేయి విదిలించుకున్నాడు.

"మీరెవరండీ?"

"నాగప్పను. సుష్మిత నాయనను."

"ఎన్నేళ్ళు చేసింది మీ అమ్మాయి?"

"మూడేండ్లాయె. ఇరవై మంది కూలోళ్ళను అదే చూసుకుంటది. అది గిల్లిన మొగ్గల పుప్పొడి అన్నది మిగలదు. మా విత్తనం కల్తీ టెస్టుల ఒక్కసారి గిట్ల పోలే."

"ఏ కంపెనీలో?"

"కంపెనీ ఏంది మేడం. మా చేన్లనే."

అవతల కాగితాలు తిప్పుతున్నట్టు వినిపించింది. వాకిట్లో ఏదో బండి ఆగితే మాలతి ఉలిక్కిపడి అటు చూసింది. కిష్టమ్మ దగ్గరికి ఎవరో జాకెట్ గుడ్డ తెచ్చారు.

"లత గారూ, లేదా మీ పేరు ఏదైతే అది. నాగప్ప గారు చెప్పింది రాసి పంపి ఉంటే ఆ అమ్మాయిని ఇంటర్వ్యూ లేకుండానే తీసుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం గురువారం రావొద్దని చెప్పండి. ఈ కాగితాన్ని ఏం చేయాలో మా వాళ్ళు చూస్తారు."

ఫోన్ కట్టయింది.

నాగప్ప వాళ్ళిద్దరి మొహాలూ చూశాడు. ప్రింటర్ పక్కనున్న ఆ రెజ్యూమె నకలు తీసి, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా కూడబలుక్కున్నాడు. అందులో కూతురు పేరుంది. తన ఊరు పేరుంది. చేను ఎక్కడా లేదు.

"మంచికే జేసిన కాక," మాలతి అంది. "చేను పని జేసిన అని రాస్తే నౌకరికి ఎవరు పిలుస్తరు?"

నాగప్ప కాగితం టేబుల్ మీద పెట్టాడు.

"రాసి చూసినవా?"