మూడో విజిల్

బాగేపల్లిలో కంప్యూటర్లు బాగుచేసే అతను రెండు రోజులు దగ్గర పెట్టుకుని, "బోర్డు పోయింది సార్, ఇంక దీంట్లో ఏమీ లేదు" అని తిరిగిచ్చేసిన ల్యాప్‌టాప్‌ని ఆదిశేష తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. చేలూరు మీదుగా చింతామణి పోయే బస్సులో సంచిని ఒళ్లోంచి దించలేదు. బస్సు గుంతలో పడినప్పుడల్లా రెండు చేతులూ దాని మీదికి వెళ్లేవి. పక్కనున్న ఆవిడ అందులో కోడిగుడ్లు ఉన్నాయనుకుందో ఏమో, ఒక్క మాటా అడక్కుండా జరిగి చోటిచ్చింది.

ఆ ల్యాప్‌టాప్ ఆయన భార్య నాగరత్నది. ఆమె పోయి రెండేళ్లు దాటింది. లాక్‌డౌన్ నెలల్లో ఆమె కన్నడ మీడియం హైస్కూలు పిల్లలకు ఇంట్లోంచే లెక్కలు చెప్పింది. ఆ పాఠాలు, మొత్తం నలభై మూడు వీడియోలు, అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. పాఠం కన్నడలో సాగేది. మధ్యలో వంటింట్లో కుక్కర్ కూసేది. అప్పుడు ఆమె తల కొంచెం పక్కకు తిప్పి, తెలుగులో, "ఏమండీ, మూడైనాయి, ఆపండి" అనేది. ఒక్కదాంట్లో తప్ప, అన్ని పాఠాల్లోనూ తెలుగు మాటలు అవే. అవి పిల్లలవి కావు, ఆయనవి.

కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆదిశేష రోజూ పదకొండింటికి బియ్యం కడిగి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి, ఒక వీడియో వేసుకునేవాడు. నలభై మూడూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఇరవై రోజులుగా అది లేదు. విజిల్స్ వినబడుతూనే ఉంటాయి, ఆపమనేవాళ్లు లేరు. ఇరవై రోజులుగా అన్నం ముద్దవుతోంది.

చింతామణి బస్టాండు వెనక సందులో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే నేత్ర అంగడి. మిట్టేమరి నుంచి వచ్చి సొంతంగా పెట్టుకున్న అమ్మాయి. ముందు బెంచీ మీద లక్ష్మణప్ప అనే రైతు, మార్కెట్లో టమాటా దించి, తడిసిన ఫోను ఆరేదాకా కూర్చుని ఉన్నాడు.

ఆదిశేష వీడియోల సంగతి చెప్పి ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టాడు. నేత్ర బటన్ నొక్కింది. చిన్న దీపం వెలిగింది, లోపల ఫ్యాను ఒక్క క్షణం తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. చార్జర్ పీకి, బటన్‌ని అర నిమిషం నొక్కిపట్టి, మళ్లీ పెట్టి చూసింది. వేరే తెర తగిలించి చూసింది. అదీ నలుపే.

"సద్దు కూడా లేదే సార్?"

"మొదట్లో బీప్ బీప్ అని అరుస్తాండె అమ్మా. ఆ అరుపు తట్టుకోలేక బాగేపల్లి ఆయన స్పీకర్ వైరు పీకేసినాడు."

"పీకేసినాడా? అయ్యో దేవుడా! అది ఏం చెప్తాండాదో వినకుండా నోరు మూసేస్తే ఎట్ల?" నేత్ర నొసలు కొట్టుకుంది. "చెడిపోయిన దినం ఎట్ల అరిచింది? పొడుగ్గానా, తుంచి తుంచినా? ఎన్నిసార్లో గుర్తుండాదా?"

"మూడు," అన్నాడు ఆదిశేష, ప్రశ్న పూర్తయిందో లేదో. "మూడు కూసి ఆగుతాండె. మళ్ల మూడు."

"అంత గట్టిగా ఎట్ల చెప్తారు సార్?"

"మా ఇంట్లో కుక్కర్ లెక్క నాదేనమ్మా."

లక్ష్మణప్ప పకపకా నవ్వాడు. ఆదిశేష కూడా నవ్వాడు గానీ, మిగతా సగం చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు పేపరు చదువుతూ ఒక్క విజిలూ తప్పకుండా లెక్కపెట్టాడు. ఆయన వంతు అంతవరకే. ఆమె చెప్పేదాకా లేచి ఆపింది ఒక్కనాడూ లేదు.

"అట్లయితే బోర్డు పోలేదు సార్," అంది నేత్ర. ఆమె గొంతులో ఉత్సాహం వచ్చింది. "ఈ రకం దాంట్లో మూడు అరుపులంటే ర్యామ్ పట్టీ తగల్లేదని. మీ వీడియోలు దాంట్లో ఉండవు, బోర్డుకే అతికించిన డిస్కులో ఉంటాయి. బోర్డు బాగుంటే అవీ ఉన్నట్లే. విప్పి చూస్తా, ఉండండి."

స్క్రూలు ఒక్కొక్కటే డబ్బా మూతలో పడ్డాయి. వెనక రేకు లేపిన నేత్ర వంగి చూసి, పట్టకారుతో ఏదో తీసింది. బియ్యపు గింజ. పచ్చగా ఉంది.

"సార్, ఇవేమి అక్షింతలు? పట్టీ కూర్చునే గాడి నిండా పసుపుండాదే!"

ఆదిశేషకు చెవులు వేడెక్కాయి. "ఆయుధపూజ చేసినానమ్మా. ప్రతి ఏడూ మా ఇంటామె చేస్తాండె. ఆమె పోయినాక రెండేండ్లు పండగ లేకపాయ. ఈసారి నేనే చేద్దామని... దేవుడి ముందర పుస్తకం తెరిచి పెట్టినట్ల దీన్నీ తెరిచి పెట్టి, తమలపాకుతో పసుపునీళ్లు చల్లినా."

"తెరిచి పెట్టా?" లక్ష్మణప్ప బెంచీ మీంచి లేచి వచ్చాడు. "నేను ట్రాక్టర్‌ని కడుగుతా, నిమ్మకాయ తొక్కిస్తా. మీరు దీనికీ స్నానం చేపిస్తిరా సామీ!"

"ఊరుకో అప్పా," అని నేత్ర అతన్ని కసిరి, ల్యాప్‌టాప్‌ని మెల్లగా తిప్పి మూత చూపించింది. "అమ్మగారు మూసి పెట్టి, మూలకి మాత్రం బొట్టు పెట్టినారు. చూడండి."

మూత మూలన కుంకుమ చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, మూడు. రంగు వెలిసిపోయినా అంచు చెదరలేదు. అన్నేళ్లూ ఆయన పక్కనే నిలబడి గంట కొట్టాడు. గంట కొట్టేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఆమె బొట్టు ఎక్కడ పెడుతుందో ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇవి తుడిచేదా సార్?"

"వద్దు."

నేత్ర పని చేస్తున్నంతసేపూ ఆ మూల బల్లకు రాసుకోకుండా కింద మెత్తటి గుడ్డ వేసింది.

గాడిని స్పిరిట్‌తో, కుంచెతో కడిగింది. వేలెడు పొడవున్న పచ్చటి ర్యామ్ పట్టీని తీసి, దాని అంచుని పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దింది. బిగించి బటన్ నొక్కింది. నలుపు.

ఆదిశేష సంచిలోంచి తువ్వాలు తీసి మడిచాడు. మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు.

"పట్టీ కూడా చచ్చిండాది," అంటూ నేత్ర అటక మీది పాత ల్యాప్‌టాప్ ఒకటి దించి, దాని పట్టీ ఊడదీసి ఇందులో తొడిగింది. పీకేసిన స్పీకర్ వైరునీ అతికించింది. "ఈసారి మీరే నొక్కండి సార్."

ఆయన నొక్కాడు. దీపం, ఫ్యాను. ఫ్యాను ఆగలేదు. తెర మీద నీలం వెలుగు వచ్చి, మెల్లగా నిలబడింది. లక్ష్మణప్ప చప్పట్లు కొట్టాడు. ఆదిశేష కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుని పెట్టుకున్నాడు.

నేత్ర నలభై మూడు వీడియోలనూ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. "సరిగ్గా ఎక్కినాయో లేదో, ఒకటి వేసి చూస్తా సార్," అని వేసింది.

నాగరత్న కనబడింది. వెనక గోడ, క్యాలెండరు. కన్నడలో త్రిభుజాల గురించి చెబుతోంది. కుక్కర్ కూసింది. లక్ష్మణప్ప వేలు మడిచాడు. రెండోది. మూడోది.

"ఏమండీ, మూడైనాయి, ఆపండి."

తెర మీద ఆమె వంటింటి వైపు మెడ చాచి చూసింది.

"ఏమండీ... యాడుండారు?"

ఆమె చిన్నగా నవ్వి, పిల్లలకు ఒక్క నిమిషం అని వేలు చూపించి లేచింది. తెర మీద ఖాళీ కుర్చీ, గోడ, క్యాలెండరు మిగిలాయి. ఎంతసేపటికీ అంతే.

"నిల్చిపాయెనే," అన్నాడు లక్ష్మణప్ప మెల్లగా.

"హ్యాంగ్ అయినట్లుండాది సార్. ముందుకు జరిపేదా?" నేత్ర చెయ్యి చాపింది.

ఆదిశేష ఆ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంట్లో ఖాళీ కుర్చీలు చాలానే ఉన్నాయి. ఆమె తిరిగొచ్చి కూర్చునేది ఈ ఒక్కదాంట్లోనే.

"వద్దమ్మా. కుక్కర్ ఆపేదానికి పోయింది," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా. "ఉండు, వస్తాది."