తల దించుకున్న పిల్ల

ఆదివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, తన సన్మానం మధ్యలో, అంపైరు మైకు తీసుకుని పొద్దున సెమీఫైనల్లో తప్పు తీర్పు ఇచ్చానని చెప్పాడు.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పదిహేనేళ్లలోపు అమ్మాయిల వాలీబాల్ పోటీలకు ఇరవై తొమ్మిదేళ్లుగా అంపైరు. ఏడాదిగా ఎడమ కంటికి శుక్లం ఉంది. దూరపు గీత కనిపించదు. ఆ సంగతి స్కోరు రాసే భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పిల్లల ముఖాలు చూసి తీర్పు చెబుతున్నాడు. కొట్టిన బంతి బయటికి పోతుంటే, అది నేల తాకకముందే కొట్టిన పిల్ల తల దించుకుంటుంది. ఏడాదంతా ఆ లెక్క తప్పలేదు.

సెమీఫైనల్ చివరి సెట్‌లో నూలుమిల్లు జట్టు 14–13తో ముందుంది. కెప్టెన్ బంతిని వెనక గీత దాకా కొట్టి తల దించుకుంది. ఆయన అవుట్ ఇచ్చాడు. కెప్టెన్ బంతి తెచ్చి చూపించింది.

"సార్, సున్నం అంటింది. గీత మీదే పడింది."

"బంతి పట్టుకుని వాదించకూడదమ్మా. వెళ్లి నిలబడు."

మిల్లు జట్టు 14–16తో ఓడింది. ఆ అమ్మాయికి ఈ పోటీల్లో ఇదే ఆఖరి ఏడు.

ఒంటిగంటకు బంతులు సంచిలో సర్దుతుంటే ఆయన అరచేతికి సున్నం అంటుకుంది. ఆ పిల్ల తల ఎందుకు దించుకుందని భార్యను అడిగాడు.

"మోకాలి పట్టీ జారితే సర్దుకోడానికి వంగింది," అంది ఆమె.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"స్కోరు రాసేవాళ్లు నోరెత్తకూడదన్నది మీరేగా? ఇరవై ఏళ్లయింది, మూసుకునే కూర్చున్నా."

ఆయన పోటీల కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు. మిల్లు జట్టు బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

"అభ్యంతరం జట్టు రాసివ్వాలి మాస్టారూ, అదీ అరగంటలోపు," అన్నాడు కార్యదర్శి. "అంపైరు రాసిస్తే ఎక్కడా చెల్లదు. ఈ ఒక్కపూటా నోటికి తాళం వేసుకోండి. సన్మాన ఫలకం మీద మీ పేరు కూడా చెక్కించాం."

వేదిక మీద ఆయన కంటి సంగతి, తీర్పు సంగతి మూడు వాక్యాల్లో చెప్పాడు. కార్యదర్శి మైకు అందుకున్నాడు.

"చూశారా? ఇదీ మన మాస్టారి నిజాయితీ!"

జనం లేచి చప్పట్లు కొట్టారు.

"చప్పట్లు కాదండీ, ఫైనల్ ఆపండి," అన్నాడాయన. మైకు కార్యదర్శి చేతిలో ఉంది. ఆ మాట ముందు వరుసకే వినిపించింది.

నాలుగూ నలభై అయిదుకు కొత్త అంపైరు ఈల వేశాడు. ఫైనల్ మొదలైంది.

ఆయన మైదానం గోడ పక్కకు వెళ్లి మిల్లు జట్టు కోచ్‌కు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. కోచ్ ఒక్కటే అడిగాడు.

"ఫైనల్ ఆపుతున్నారా?"

"లేదు."

"మరి ఇప్పుడు చెప్పి ఏం లాభం సార్? మా కెప్టెన్ దారి పొడుగునా ఏడ్చి ఇప్పుడే నిద్రపోయింది."

"బంతి లోపలే పడిందని చెప్పాలి. లేపండి."

కోచ్ లేపాడు. ఎవరని ఆ అమ్మాయి అడగడం ఆయనకు వినిపించింది. కోచ్ చెప్పాడు. ఆమె ఫోను తీసుకోలేదు.