పట్టీలో వచ్చిన మాట

ఒడిశాలో, రాయగడలో తరంగిణి టీవీ పుట్టింది ఢిల్లీశ్వరరావు మేడ మీద. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే కొలువు వదిలేసి, ఒక గొడుగు యాంటెన్నా, ఒక వీసీఆర్ కొని, వీధిలో ఇంటింటికీ వైరు లాగాడు. మొదట సినిమాలు వేశాడు. తర్వాత ఒడియాలో వార్తలు చదివించాడు. అయితే టీవీకి పేరు తెచ్చింది ఇవేవీ కావు, తెర అడుగున నడిచే తెలుగు అక్షరాల పట్టీ. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి ఏటి ఒడ్డున సేద్యం చేసుకునే వాళ్ళకు ఒడియా మాట వచ్చుగానీ అక్షరం రాదు. కరెంటు తీసేసేదున్నా, గేదె తప్పిపోయినా, సంత రోజు మారినా వాళ్ళకు పట్టీయే చెప్పాలి. పట్టీలో వచ్చిందంటే ఇంకెవరినీ అడిగే పని లేదు.

ఒకసారి నిక్షేపంగా ఉన్న ముసలాయన పోయినట్టు వచ్చేసింది. వెదురుబొంగులతో దిగిన చుట్టాలు, అరుగు మీద చుట్ట కాలుస్తున్న ఆయన్ని చూసి కూడా కాసేపు నమ్మలేకపోయారట! ఢిల్లీశ్వరరావు వాళ్ళింటికి బత్తాయిలు పట్టుకెళ్ళి దండం పెట్టి వచ్చాడే తప్ప, తప్పు జరిగిందని పట్టీలో మాత్రం వెయ్యలేదు. సవరణ అన్న మాట ఒక్కసారి తెర మీద కనిపిస్తే ఆ తర్వాత జనం ప్రతి మాటనీ తిరగేసి చూస్తారన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతాలు పెట్టుకున్నవాళ్ళకేం, హాయిగా నిద్రపడుతుంది.

ఇప్పుడా పట్టీ రాస్తున్నది రోజారమణి. ఊళ్ళో సగం ఇళ్ళు పెద్ద కంపెనీల పెట్టెలకు మారిపోయాయి, కుర్రకారంతా ఫోన్లలో పడ్డారు. తరంగిణిని వదలనివాళ్ళు ఏటి ఒడ్డు వాళ్ళే. వాళ్ళలో రోజారమణి తల్లి గున్నమ్మ ఒకతె. కూతురు రాసిన అక్షరాలు తెర మీద నడుస్తుంటే ఆవిడ పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించేది.

టీవీ పెట్టి ముప్ఫై ఏళ్ళయిన సందర్భంగా దాని చరిత్రను కార్యక్రమంగా తీస్తున్నారు. రోజారమణి పాత క్యాసెట్లు కడిగి, అతికి, తలమునకలయ్యే పని చేస్తోంది. ఆ హడావిడిలోనే, ఉత్సవానికి ముందురోజు మధ్యాహ్నం, డ్యామ్ దగ్గర కాపలా ఉండే ధనుంజయ్ ఫోన్ చేశాడు. కొండల్లో సిగ్నల్ ఆడదు. "కాలి సకాళే గేట్ ఖోలా" అన్న ముక్క ఒక్కటి వినబడి ఫోన్ తెగిపోయింది.

ఒడియాలో 'కాలి' అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. వెనకవచ్చే క్రియను బట్టి పోల్చుకోవాలి. ధనుంజయ్ మాటలో పొద్దున్న, గేట్లు బార్లా అన్నంత వరకే ఉంది, క్రియే లేదు. అంతకు ముందురోజే ఏటికి మూరెడు నీరు వచ్చి తగ్గిపోయింది. అది కొండల్లో పడ్డ గాలివాన నీరని రోజారమణికి తెలీదు. ఇంకేం, లెక్క సరిపోయిందనుకుంది. 'నిన్న ఉదయం డ్యామ్ గేట్లు తెరిచారు' అని రాసి, ఢిల్లీశ్వరరావు తల ఊపాక పట్టీలోకి వదిలింది. వేసవి చివర ఏటి ఇసుకలో వేసిన పుచ్చకాయలు ముదిరి, ఏట్లోకి దిగాలో వద్దో అని ఒడ్డున తచ్చాడుతున్న వాళ్ళంతా ఆ మాట చూసి ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు ఉదయం మేడంతా పూలదండలు. కింద హాల్లో పెద్దమనుషులు కూర్చుని టీవీ చరిత్ర చూస్తున్నారు. అప్పుడు ధనుంజయ్ మళ్ళీ చేశాడు. ఏట్లో మనుషులంతా లేచి ఒడ్డెక్కారా అని ఒడియాలో అడిగాడు. గేట్ల మరమ్మతుకు నీరు వదిలేస్తున్నారనీ, ఇంజనీరు వచ్చేశాడనీ చెప్పాడు.

రోజారమణి ఫోన్ పెట్టేసి మెట్ల వైపు పరిగెత్తింది. ఎప్పుడు వదులుతారని కూడా అడగలేకపోయింది. మెట్ల మీద ఎదురైన ఢిల్లీశ్వరరావు చెయ్యి పట్టుకుంది.

"బాబూ, కొంప ములిగిపోయింది. కాలి అంటే రేపన్నాడు. నేను నిన్న అని ఏసేసేను. మా అమ్మ ఏట్లో ఉంది బాబూ!"

ఢిల్లీశ్వరరావు పాపం, చెడ్డవాడు కాదు. కానీ హాల్లోంచి చప్పట్లు వినబడుతున్నాయి.

"అరవకు. నిన్న అన్నది తీసేసి నేడు అని ఎట్టు. తప్పయిందని రాయకు. శుభాకాంక్షలు నడుస్తన్నాయి, అవి అయ్యేక అదే వస్తాది. ఈలోగా నువ్వు మీ అమ్మకి ఫోన్ సెయ్యి" అన్నాడు.

ఆమె అలాగే చేసింది. చెయ్యకుండా ఉండాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మేడ మీద ఆయన మాటే చెల్లింది, ఆ భయంలో ఆమె దగ్గర కూడా అదే చెల్లింది.

గున్నమ్మ ఫోన్ ఎత్తింది. వెనక నవ్వులు, కాయలు గోనెల మీద పడుతున్న చప్పుడు.

"అమ్మా, లెగిపో. అందర్నీ లెగమను. గేట్లు తీసేస్తన్నారు."

"ఇంకేటి తీస్తారే? మొన్నే తీసేసేరు గదా. నువ్వేగా ఏసేవు."

"తప్పేసేనమ్మా! నేనే తప్పేసేను."

"నువ్వు తప్పేసినా ఆ బాబు సూడకుండా ఒదుల్తాడేటే? ఉండు, సత్తిబాబుకి సెప్తాను."

పక్క మడిలో రైతు సత్తిబాబు గొంతు దూరంగా వినిపించింది. "పట్టీ తప్పవడమేటత్తా? ఉండు, మా ఇంటిదాన్ని అడుగుతాను. టీవీ ముందే ఉంటాది." అతను భార్య కామేశ్వరమ్మకు ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో ఆమె గొంతు సన్నగా వచ్చింది.

"పట్టీలోనా? ఏటీ లేదు. బట్టల కొట్టోళ్ళు శుభాకాంక్షలు సెప్తన్నారు. ఇప్పుడు మందుల కొట్టోళ్ళు."

"సూసేవేటత్తా? ఏటీ లేదంట" అన్నాడు సత్తిబాబు. కాయలు మళ్ళీ గోనెల మీద పడసాగాయి.

"అమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను, నువ్వైనా ఒడ్డెక్కు!"

"ఇంతమందిని ఒదిలేసి నేనెక్కితే రేపు మొకం ఎక్కడెట్టుకోనే? పట్టీలో రానీ, అందరం ఒక్కపాలే ఎక్కుతాం."

రోజారమణి పట్టీ రాసే గదిలోకి పరిగెత్తింది. అడ్డొచ్చిన ఢిల్లీశ్వరరావును రెండు చేతులా తోసేసింది. జీవితంలో మొదటిసారి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. శుభాకాంక్షలన్నీ చెరిపేసి, 'తప్పు రాశాం, ఏరు వస్తోంది, ఒడ్డెక్కండి' అని కొట్టింది. ఆ అక్షరాలు తెర కుడి అంచున మొదలై, ముప్ఫై ఏళ్ళుగా నడిచిన నడకతోనే మెల్లగా ఎడమకు జరుగుతున్నాయి. ఫోన్ ఆమె చెవికే ఉంది. అవతల గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎవరో ఎవరినో పేరుపెట్టి పిలుస్తున్నారు.

"వచ్చిందే అమ్మీ, వచ్చింది!" అని అరిచింది గున్నమ్మ.

రోజారమణికి ప్రాణం లేచివచ్చింది. "సూసేరా? కామేశ్వరమ్మక్క సదివేసిందా? మరి లెగండమ్మా, బేగి లెగండి!"

"పట్టీ కాదే తల్లీ" అంది గున్నమ్మ. "ఏరు."