పగడానికి సరిపడా వెలుతురు

ఆ లైటు ఇంటికి వచ్చిన రోజు పళ్ళావిడ కాలు ఒకచోట నిలవలేదు. పళ్ళావిడ అంటే కట్టుడు పళ్ళు తయారు చేసే ఆవిడ. వీధిలో అందరూ అలాగే పిలుస్తారు, ఆవిడా అలాగే పలుకుతుంది. పెట్టె విప్పడానికి కత్తెర కోసం మూడు గదులూ గాలించి, చివరికి అది తన చేతిలోనే ఉండటం చూసి నవ్వుకుంది. ఆవిడ భర్త, లిఫ్టులు బాగుచేసే మనిషి, కుర్చీలో కాళ్ళు చాపుకుని ఆ సంబరమంతా చూస్తున్నాడు.

"మన పెళ్ళినాడు కూడా నువ్వింత హడావిడి పడలేదు," అన్నాడు.

"పెళ్ళికి నాతో ఎవరూ పోటీకి రాలేదుగా," అంది ఆవిడ, కత్తెర ఆపకుండా.

పోటీ మాట నిజమే. ఆవిడ దగ్గర పళ్ళ సెట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన, తన ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో పందొమ్మిదేళ్ళుగా ఒక పగడాన్ని పెంచుతున్నాడు. చక్కని తేనెరంగు. కొమ్మలు కొమ్మలుగా విరబూసి, రెండు చేతులా ఎత్తినా పట్టనంత అయింది. నిరుడు సెట్టు సరిచూడటానికి ఆయనింటికి వెళ్ళిన పళ్ళావిడ, ఆ పగడాన్ని చూసి వచ్చిన పని మర్చిపోయింది. నెల తిరక్కుండా తన పనిగదిలో, బల్ల పక్కనే, ఒక ట్యాంకు పెట్టించింది. అంత పిచ్చి పట్టింది మరి.

ఇప్పుడా పెద్దాయన మోకాళ్ళు నీళ్ళ బకెట్లు మొయ్యనివ్వడం లేదు. పగడాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యాలి. అడిగినవాళ్ళు ఇద్దరు: ఒకరు పళ్ళావిడ, రెండోవారు ఒక బ్యాంకు మేనేజరు. పెద్దాయన, ఆ తల్లి పగడం నుంచి చిటికెనవేలంత కొమ్మలు రెండు తుంచి, ఇద్దరికీ చెరొకటి ఇచ్చాడు.

"ఆరు వారాలు టైమమ్మా. నీళ్ళు ఇద్దరివీ బాగానే ఉన్నాయి, నేను చూశాను. ఇక తేడా అంతా లైటులోనే. ఎవరి లైటు కింద ఇది బాగుంటే, తల్లి వాళ్ళింటికే."

లైటు అనగానే పళ్ళావిడకు ఎక్కడలేని ధీమా వచ్చేసింది. రాదా మరి! ఇరవై రెండేళ్ళుగా వెలుతురు చూసి పళ్ళకు రంగు కలిపే మనిషి. ఆవిడ జేబులో ఎప్పుడూ ఒక రంగుల పట్టీ ఉంటుంది: తెల్లటి దాని నుంచి ముదురు పసుపు దాకా పదహారు నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ. ట్యాంకు లైట్లు అమ్మే కొట్టుకు వెళ్ళి, ప్రతి లైటూ వెలిగించమని, కింద ఆ పట్టీ పెట్టి చూసింది. కొట్టతను గుడ్లు తేలేశాడు.

"మేడమ్, ఇది చేపల సామాన్ల కొట్టు. పళ్ళ డాక్టరు పైఅంతస్తులో ఉంటారు."

"తెలుసు బాబూ. ఆ నీలం లైటు కూడా వెయ్యి."

నీలం వెలగగానే పదహారు పళ్ళూ ఒకే రంగులోకి దిగిపోయాయి. ఆవిడ మొహం చిట్లించింది. అప్పుడు కొట్టతను ఓపిగ్గా చెప్పాడు: సముద్రం లోతుకు ఎక్కువగా దిగేది నీలమే, పగడం ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది, అది వెలుతురు తిని పగడానికి తిండి పెడుతుంది, దాని రంగే పగడం రంగు, కాబట్టి నీలం తప్పనిసరి. పళ్ళావిడ పసిపిల్లలా నోరు తెరుచుకుని విన్నది. చివరికి నీలానికో నాబ్, తెలుపుకో నాబ్ ఉన్న పలక లైటు ఎంచుకుంది. తన ట్యాంకుకు చిన్నది చాలునని అతను మొత్తుకున్నా వినకుండా, ఉన్నవాటిలో పెద్దది పట్టుకొచ్చింది. తెచ్చి, రెండు నాబ్‌లూ చివరికంటా తిప్పేసింది. ఆ వెలుగులో కొమ్మ ఆకుపచ్చగా ధగధగలాడింది. ఆవిడ చప్పట్లు కొట్టింది.

రోజూ ఉదయం పదింటికి నీలం ఆర్పి, తన పని దీపం వెలిగించి, ట్యాంకు అద్దానికి రంగుల పట్టీ ఆనించి కొమ్మ నడిమి రంగు చూసి పుస్తకంలో రాసుకునేది. మొదటిరోజు కొమ్మ రంగు పట్టీలోని పదహారో పన్ను కన్నా ముదురు. నాలుగో రోజుకు పదహారుకు వచ్చింది. ఆరో రోజుకు పధ్నాలుగు. తొమ్మిదో రోజుకు పదకొండు. పళ్ళావిడ సంతోషం పట్టలేకపోయింది. పన్ను తెల్లబడిందంటే ఆవిడ వృత్తిలో పండగే కదా. వెంటనే పెద్దాయనకు ఫోను చేసింది.

"బాబాయిగారూ, పదకొండుకొచ్చేశాం. రోజురోజుకీ తెల్లబడుతోంది."

పెద్దాయన మెచ్చుకోలేదు, ఎదురు ప్రశ్న వేశాడు.

"అమ్మాయ్, నా సెట్టుకి ఏ రంగు పెట్టావు?"

"మీరడిగిందే. పసుపు చాయ, పన్నెండు."

"తెల్లవి ఎందుకు వద్దన్నాను?"

"తెల్లవి పెడితే పీనుగ పళ్ళలా ఉంటాయన్నారు," అంటూ అంటూనే ఆవిడ ట్యాంకు వైపు తిరిగింది.

"అదీ సంగతి. వెలుతురు మరీ ఎక్కువైతే పగడం ఆ నాచుని బయటికి తోసేస్తుంది. ఇక దానికి తిండి పెట్టేవాళ్ళు లేరు. నేను చెప్పేది ఇంతే, మిగతాది నువ్వే చూసుకో. పోటీ కదా."

ఫోను పెట్టేసి ఆవిడ పుస్తకంలో అంకెలు మళ్ళీ చదువుకుంది. తొమ్మిది రోజులుగా తను చంకలు గుద్దుకున్నది దాని చావుకన్నమాట. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భర్త సంగతి విని తన పనిసంచి తెచ్చాడు. పైకప్పుకు కప్పీ బిగించి, తీగ వేసి, లైటును నీళ్ళకు రెండడుగుల పైకి లాగి కట్టాడు.

"ఇక వారానికి రెండు వేళ్ళు చొప్పున దించుకో. ఒక్కసారే అంతా దించేశావంటే నేనూరుకోను."

ఆ మర్నాటి నుంచి ఇంట్లో అదే వేళాకోళం. పనినుంచి రాగానే ఆయన, "మీ లైటు ఇవాళ ఏ అంతస్తులో ఉంది?" అనేవాడు. ఆవిడ నీలాన్ని సగానికి, తెలుపును పావుకు తగ్గించింది. కొమ్మ మసగ్గా, దిగులుగా కనబడేది. అయినా పుస్తకంలో అంకెలు నిలిచాయి, తర్వాత మెల్లగా వెనక్కి మళ్ళాయి. పదకొండు, పన్నెండు, పధ్నాలుగు. పదహారు వచ్చిన రోజున పళ్ళావిడ చేస్తున్న సెట్టు వదిలేసి, గదంతా ఒక చుట్టు చుట్టొచ్చింది.

ఆరు వారాలూ నిండాయి. ఉదయం పదకొండుకు పెద్దాయన వస్తానన్నాడు. పదింటికి ఆవిడ అలవాటుగా దీపం వెలిగించి చూసి నిలువునా నీరైపోయింది. కొమ్మంతా తేనెరంగే, కానీ ఇన్నాళ్ళూ తను పట్టించుకోని కొసన బియ్యపు గింజంత మేర తెల్లగా ఉంది. పట్టీ ఆనించింది. ఒకటో పన్ను. అన్నిటికన్నా తెల్లది.

"మళ్ళీ మొదలైంది," అంది భర్తను పిలిచి.

భర్త వంగి చూశాడు. "నీలం నిండుగా పెట్టెయ్. అంతా మెరుస్తుంది, ఆయనకి కొస కనిపించదు. తల్లి వచ్చాక తీరిగ్గా బాగుచేసుకుందువు."

ఆవిడ చెయ్యి నాబ్ మీదకు వెళ్ళింది. ఎంత కావాలనిపించిందో ఆ పగడం, చెప్పనలవి కాదు. ఒక్క తిప్పు చాలు. చెప్పినదానికన్నా ముందే కింద గేటు చప్పుడైంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దండీ. ఆయన దాన్ని పందొమ్మిదేళ్ళు సాకారు. నేను కొస తెల్లబరిచి, పైన దీపాలు పెట్టి మోసం చెయ్యలేను."

పెద్దాయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. కూర్చోకముందే పళ్ళావిడ చెప్పేసింది, "బాబాయిగారూ, కొస తెల్లబడింది. నావల్ల కాలేదు." పుస్తకం కూడా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన అంకెలన్నీ వేలు పెట్టి చదివాడు. లైటంతా ఆర్పమన్నాడు. పని దీపం దగ్గరికి జరిపించి, కళ్ళజోడు సర్దుకుని, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా చూశాడు.

"ఇప్పుడే మేనేజరుగారింటి నుంచి వస్తున్నా. నీలం వెలుగులో ఆయన కొమ్మ రత్నంలా ఉంది. లైటార్పితే, మొదలు నుంచి కొసదాకా సున్నం. పాపం, ఆయనకీ అప్పుడే తెలిసింది." ఆగి, వేలితో చూపించాడు. "నీ కొమ్మ నేనిచ్చినప్పుడు ఎంత ఉంది?"

"చిటికెనవేలంత."

"కొలువు."

ఆవిడ పళ్ళు కొలిచే పనిముట్టు తెచ్చి, అద్దం ఇవతల నుంచే పెట్టి చూసింది. చిటికెనవేలికి మించి ఒక బియ్యపు గింజంత ఎక్కువ. సరిగ్గా ఆ తెలుపంత.

"ఒళ్ళంతా తెల్లబడితే చావు. కొస మాత్రం తెల్లగా ఉంటే అది కొత్తగా పెరిగిందమ్మాయ్. ఎముక ముందొస్తుంది, రంగు వెనకాల చేరుతుంది. నిండు నీలం కిందైతే ఈ కొస ఎవరికీ కనపడదు, అందుకే ఎక్కడైనా ముందు ఆర్పించి చూస్తాను."

పళ్ళావిడ భర్త వైపు చూసింది. ఆయన పైకప్పుకున్న కప్పీ వైపు చూస్తున్నాడు.

పెద్దాయన నవ్వాడు. ఆవిడ చేసిన పన్నెండో రంగు పళ్ళు అన్నీ కనబడేలా నవ్వాడు.

"మీ ఇంట్లో బకెట్లు ఎన్నున్నాయి?" అన్నాడు.

తల్లి తనింటికే వస్తోందని ఆవిడకు బోధపడటానికి ఒక క్షణం పట్టింది. తర్వాత పట్టీ చేతిలో ఉండగానే, చెప్పులు కూడా వేసుకోకుండా, బకెట్ల కోసం కిందికి పరిగెత్తింది.