శవానికి డైలాగు లేదు

పుంగనూరులో మొగుడితో కలిసి చిల్లర అంగడి నడిపే సుబ్బలక్ష్మమ్మకు ఏడుపు కథలు రాయడమంటే ప్రాణం. రాసినవన్నీ మొగుడు గంగులప్పకు చదివి వినిపించేది. కథలో కష్టాలు మొదలయ్యేలోపే ఆయన గురక మొదలయ్యేది.

2008 వేసవిలో ఆమె చెల్లెలి కూతురు దీపిక కుప్పం నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ చదువుతూ, వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం నేర్చుకుంది. స్నేహితురాలి దగ్గర అడిగి చిన్న కెమెరా కూడా తెచ్చింది.

"నీ కథ ఒకటి తీద్దాం పెద్దమ్మా. లోకమంతా సూస్తాది."

లోకమంతా అనగానే సుబ్బలక్ష్మమ్మ తన కథల్లోకెల్లా ఘోరమైనదాన్ని బయటికి తీసింది. అంగడాయన హఠాత్తుగా చచ్చిపోతాడు, పెళ్లాం శవం ముందు కూర్చుని గంటసేపు తన బతుకంతా చెప్పుకుంటుంది.

"అంతసేపు ఎవురూ సూడరు పెద్దమ్మా. మూడు నిమిషాల్లో అయిపోవాల."

"మూడు నిమిషాలా? ముక్కు చీదుకునేదానికే సాలదు కదమ్మా!"

అయినా పళ్లు బిగబట్టి కోసుకుంటూ పోయింది. పుట్టింటి జ్ఞాపకాలు పోయాయి, అత్త ఆరళ్లు పోయాయి. చివరికి శవమూ ఏడుపూ మిగిలాయి. శవంగా నటించడానికి గంగులప్పను ఒప్పించారు, పడుకునే వేషం కదా. పెళ్లాం వేషం వేసే సుబ్బలక్ష్మమ్మ మాత్రం బొట్టు తుడిచేది లేదని తెగేసి చెప్పింది. కథ కథే, బొట్టు బొట్టే.

అంగడి వెనక నడవలో గంగులప్పను చాప మీద పడుకోబెట్టి, ముక్కులో దూది పెట్టారు. సుబ్బలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది. "నన్ను ఒంటిదాన్ని చేసి యాడికి పోయినావయ్యా!" కెమెరా వెనక దీపికకే కళ్లు చెమర్చాయి.

ఇంతలో అంగడి ముందు నుంచి ఎవరిదో కేక. "చింతపండు ఉండాదా?"

"ఉండాది, ఉండాది! కొత్త సరుకు!" అంది శవం.

మళ్లీ తీశారు. ఈసారి ఎవరో బెల్లం అడిగారు. శవం లేచి కూర్చుని, దూది ఊడబెరికి, "నల్లదా, తెల్లదా?" అంది.

"శవానికి డైలాగు లేదు పెద్దనాయనా!" అని దీపిక మొత్తుకుంది.

"గిరాకీ పోతాంటే ఎట్ల పడుకునేది?"

దీపిక కెమెరా వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది. సుబ్బలక్ష్మమ్మకు మొదట ఒళ్లు మండింది. ఆ పిల్ల నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి ఆలోచనలో పడింది. తన ఏ కథకూ ఎవరూ అంతసేపు మెలకువగా లేరు. ఆ మధ్యాహ్నమే కథ తిరగరాసింది: ముందు ఏడుపు, తర్వాత గిరాకీ, ఆ వెంటనే లేచే శవం.

మదనపల్లెలో ఇంటర్నెట్ సెంటరుకు పోయి వీడియో ఎక్కించడానికి పగలంతా పట్టింది. రెండుసార్లు కరెంటు పోయి మొదటికొచ్చింది.

ఆ వారంలోనే ఒక పొద్దున పలమనేరు బస్సు దిగి, పూలదండ చంకన పెట్టుకుని, గంగులప్ప అక్క ఎల్లమ్మ వీధి పొడుగునా శోకాలు పెడుతూ వచ్చింది. బెంగుళూరులో ఆమె కొడుకు వీడియో చూస్తుంటే నెట్టు నెమ్మదించి, సరిగ్గా ఏడుపు దగ్గర ఆగిపోయింది. వాడు హడలిపోయి తల్లికి ఫోన్ చేశాడు.

"తమ్ముడా! నాకంటే ముందే పోయినావా!" అంటూ ఎల్లమ్మ అంగట్లోకి వచ్చి పడింది.

కందిపప్పు తూకం వేస్తున్న గంగులప్ప తలెత్తాడు. "యాల ఏడస్తాండావక్కా? ఎవురు పోయినారు?"

ఎల్లమ్మ అతని మొహం తడిమి చూసింది. తర్వాత ఆ దండతోనే తమ్ముణ్ని వాయించింది. "బతికుంటే ఒక మాట చెప్పేదానికేమిరా నీకు!"

సుబ్బలక్ష్మమ్మ ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కాళ్లావేళ్లా పడి సంగతి చెప్పింది. అట్లా చెబుతున్నా ఆమె కళ్లు ఎల్లమ్మ మొహం మీదే ఉన్నాయి. ఎంత చక్కగా ఏడ్చింది! గొంతు ఎక్కడ విరగాలో అక్కడ విరిగింది.

"ఒదినా, కోపం చేసుకోవద్దు. దీపిక కెమెరా తెస్తాది. ఆ వీధి మలుపు కాడ్నించి ఇంకోసారి అట్లే వస్తావా?"

ఎల్లమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. మజ్జిగ గుక్కలో తాగేసి, నలిగిన దండ సరిచేసుకుని లేచింది.

"తూ, నాకు సిగ్గమ్మా," అంటూనే మలుపు దాకా పోయింది. రెండోసారి ఇంకా బాగా ఏడ్చింది.