పూర్ణం మూతి చిక్కం

నేను ఒక చిక్కాన్ని. పంట మధ్య నడిచే ఎద్దు గింజ మేయకుండా దాని మూతికి కట్టే వస్తువును మీ తాతలు చూసి ఉంటారు. నేను ఆ వంశంలోనే పుట్టాను గానీ ఎద్దు మూతి ఎలా ఉంటుందో ఎరగను. నన్ను కుట్టింది ఒక కుక్క కోసం. ఊరి పేరు మాత్రం చెప్పను. ఆ ఊళ్ళో మంచివాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పరువు తీయడం నాకెందుకు.

నన్ను తయారుచేసినవాడు దస్తగిరి. బస్టాండు వెనక చెప్పులు, బెల్టులు కుట్టుకుంటూ ఉండేవాడు. ఎద్దులకు చిక్కం అడిగేవాళ్ళు కరువై పన్నెండేళ్ళయిందట. అందుకే ఒక మధ్యాహ్నం నాగవేణి వచ్చి "దస్తగిరన్నా, చిక్కం కావల్ల" అనగానే అతని మొహం వెలిగిపోయింది. ఆమె రవికలు కుట్టే మనిషి. చీటీ మీద కొలతలు రాసుకొచ్చింది. మూతి చుట్టుకొలత పదకొండుంబావు అంగుళాలు, పొడవు నాలుగున్నర, చెవుల వెనక నుంచి పట్టీ ఇరవై రెండు.

"ఇదేందమ్మా, రవిక కొలతలు తెచ్చినావు?" అన్నాడు దస్తగిరి.

"మా కుక్కదే అన్నా. టేపుతో నేనే తీసినా. వదులుగా ఉంటే ఊడిపోతాది, బాగా పట్టినట్టు కుట్టు."

అతను మెత్తటి తోలు ఎంచి, లోపలి వైపు ఒరుసుకోకుండా గుడ్డ వేసి, ఇత్తడి బకిల్ పెట్టి నన్ను కుట్టాడు. ఫిటింగ్ అంటే అదీ! నాగవేణి నన్ను చేతిలో తిప్పి చూసి, ఒక్క కుట్టుకూ వంక పెట్టలేకపోయింది. నాకూ గర్వంగానే ఉండింది. ఆ గర్వం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కుక్క పేరు పూర్ణం. రాట్‌వీలర్ జాతి. నల్లటి ఒళ్ళు, కళ్ళ మీద రెండు గోధుమరంగు బొట్లు. దాన్ని చూస్తే ఎవరైనా రెండడుగులు వెనక్కి వేస్తారు. అది మాత్రం కుట్టుమిషన్ చప్పుడు మొదలైతే తప్ప నిద్రపోదు, దీపావళి వస్తే మంచం కింద నుంచి బయటికి రాదు. కొన్న షావుకారు రెండేళ్ళు పెంచి, ఎందుకో విసుగుపుట్టి, బైపాసు పక్కన వదిలేసి పోతే నాగవేణి ఇంటికి తెచ్చుకుంది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె, ఆడబిడ్డ సునంద, మిషను, పూర్ణం.

నా అవసరం ఎందుకొచ్చిందంటే, ఊళ్ళో ఇంకో వీధిలో ఎవరిదో కాపలా కుక్క గేటు దాటి వచ్చి నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కరిచింది. ఆ బిడ్డ చెంపకు పందొమ్మిది కుట్లు పడ్డాయి. వాళ్ళమ్మ ఏడుపు విన్నవాళ్ళెవరూ కుక్కల తరఫున మాట్లాడలేరు, నేనూ మాట్లాడను. కానీ మున్సిపాలిటీ వారు కరిచిన కుక్కనూ, దాని గొలుసు విప్పినవాణ్ణీ వదిలేసి, ఏడు జాతుల పేర్లు కాగితం మీద రాశారు. ఈ జాతులు ఊళ్ళో ఉండకూడదు, నెల రోజుల్లో బయటికి పంపాలి, అంతవరకూ చిక్కం లేకుండా గడప దాటితే పట్టుకుపోతాం అని తీర్మానం చేశారు. ఎక్కడికి పంపాలో మాత్రం రాయలేదు. మనుషులకు భయమేస్తే ముందు ఒక జాబితా రాసుకుంటారు, అప్పటికి వాళ్ళకు కాస్త ధైర్యం వస్తుంది.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. నా ఉద్యోగం అంతే. వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేదాకా పూర్ణం నన్ను ఓర్చుకునేది. ఇంటికి రాగానే నాగవేణి నన్ను విప్పి, కొబ్బరినూనె అంటిన చేత్తోనే తుడిచి మేకుకు తగిలించేది. పూర్ణం అప్పుడు నోరంతా తెరిచి, నాలుక బారుగా వేలాడేసి, రొప్పుతూ చల్లబడేది. కుక్కలకు మీలా చెమట పట్టదట, ఒంట్లో వేడి ఆ నోట్లోంచే పోవాలట. ఆ సంగతి దస్తగిరికి తెలియదు, అతను కుట్టింది ఎద్దులకు. నాగవేణి నిద్రపోతున్న కుక్కకు, నోరు మూసి ఉన్నప్పుడు కొలత తీసింది. నేను ఆ కొలతకే పుట్టాను. పది నిమిషాలకు ఏం తేడా పడుతుంది?

సునంద ఊరుకునే రకం కాదు. వదిన కుట్టిన రవికల డిజైన్లు ఫోన్లో పెట్టి నాలుగు జిల్లాల నుంచి గిరాకీ తెచ్చిన మనిషి. "ఆఫీసుల చుట్టూ తిరిగితే చెప్పులరుగుతాయి వదినా, జనం చూస్తే వాళ్ళే దిగొస్తారు" అని పూర్ణం వీడియోలు మొదలుపెట్టింది. మొదటి వీడియోలో నేనూ ఉన్నాను. చూసినవాళ్ళు రెండు వందల మంది. అందులో సగం మంది "అమ్మో" అని రాశారు.

"చిక్కంతో చూస్తే జనం జడుసుకుంటాండారు వదినా. జైల్లో దొంగ మాదిరుండాది. ఒక్క నిమిషం తీసెయ్."

నాగవేణి వీధి అటూ ఇటూ చూసి నన్ను విప్పింది. పూర్ణం కుట్టిన రవికల సంచిని నోట కరుచుకుని, ఎదురింటి టీచరమ్మ గడప దాకా నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చింది. మూడు రోజుల్లో ఆరు లక్షల మంది చూశారు. ఎక్కడెక్కడి వాళ్ళో ముద్దులు పంపారు. టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. ఆ వీడియోలో ఒక మూల, నాగవేణి మణికట్టుకు వేలాడుతూ నేను కనిపిస్తాను. ఎవరూ గమనించలేదనుకున్నాం.

నాలుగో రోజు పొద్దున మున్సిపాలిటీ బండి వచ్చింది. ఆఫీసరు ఫోన్ తెరిచి చూపించాడు. "మేం వెతికి పట్టుకున్నది కాదమ్మా. మీరే పెట్టినారు, ఊరంతా చూసినారు. ఇప్పుడు నేను చూడనట్టు ఉండాలంటే ఎట్ల?" అన్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు. నాగవేణే పూర్ణానికి నన్ను తొడిగి, బకిల్ పెట్టి, "నీళ్ళు పెట్టేటప్పుడు తీయండి సార్, మరిచిపోవద్దండి" అని నాలుగుసార్లు చెప్పింది. బండి తలుపు వేసినప్పుడు పూర్ణం అరవలేదు. ఎప్పటిలా పది నిమిషాల పనే అనుకుని ఉంటుంది.

ఊరి బయట కుక్కల షెడ్డు. పైన రేకులు, కింద సిమెంటు, మే నెల. అక్కడ పని చేసే చలపతి మంచివాడు. మొదటి రెండు రోజులూ నన్ను విప్పి నీళ్ళు పెట్టాడు, తన పెరుగన్నంలో సగం పెట్టాడు, ఎండ తగ్గేదాకా నన్ను పక్కన పెట్టే ఉంచాడు. ఆ రెండు రోజుల్లో సునంద ఉద్యమం ఆకాశానికంటింది. "పూర్ణాన్ని విడవండి" అని ఊళ్ళకు ఊళ్ళే రాశాయి. హైకోర్టులో కేసు వేయడానికి జంతుప్రేమికుల సంఘం ముందుకొచ్చింది. ఎవరెవరో షెడ్డు గేటు సందుల్లోంచి ఫోన్లు దూర్చి వీడియోలు తీశారు. ఒక దాంట్లో చలపతి చేతిలో కర్ర ఉంది. పాము వచ్చిందని పట్టుకున్న కర్ర. "కిరాతకుడు" అని పేరుపెట్టి ఫోన్లలో తిప్పారు. సాయంత్రానికి అతని ఫోన్ నంబరు కూడా తిప్పారు.

"నా బిడ్డ కాలేజీకి పోనంటాంది సార్" అన్నాడు చలపతి మర్నాడు ఆఫీసరుతో. "చిక్కం తీసి నీళ్ళు పెడితే, అది మీద పడిందంటారు. పెట్టకుంటే, చంపుతాండానంటారు. ఎవురు తీస్తారో మీరే చెప్పండి."

"రేపు కోర్టు. అంతవరకూ ఎవురూ ముట్టుకోవద్దు. చిక్కం లేకుండా ఒక్క ఫోటో బయటికి పోయినా మన ఆర్డరు మనమే తప్పినట్టయితాది" అన్నాడు ఆఫీసరు.

చలపతి నీళ్ళ గిన్నెను పూర్ణం ముందు పెట్టి, కళ్ళొత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ గిన్నెలో నేను తడిశాను, దాని నాలుక మాత్రం సరిగా తడవలేదు. మర్నాడు మధ్యాహ్నం రేకులు నిప్పుల్లా కాగాయి. పూర్ణం నోరు తెరవడానికి ప్రయత్నించింది. నేను సరిగ్గా పట్టి ఉన్నాను. తోలును సాగదీసుకోవాలని చూశాను, సాగలేదు. కుట్టు తెగిపోవాలని కోరుకున్నాను, దస్తగిరి కుట్లు తెగలేదు. ముందు కాళ్ళతో నన్ను లాగింది, గోడకేసి రుద్దింది, తర్వాత మానేసింది. మూడున్నరకు హైకోర్టు ఆ తీర్మానాన్ని ఆపేసింది. మూడున్నరకు పూర్ణం పక్కకు వాలి ఉంది.

నాలుగున్నరకు దండలతో, డప్పులతో జనం వచ్చారు. సునంద ఫోన్లో లైవ్ నడుస్తోంది, ముప్పై వేల మంది చూస్తున్నారు. ఆమె ముందు, నాగవేణి వెనక. నాగవేణి గేటు దాటగానే "పూర్ణమ్మా" అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆ తర్వాత ఆమె నోట్లోంచి వచ్చినదాన్ని నేను మళ్ళీ చెప్పలేను. సునంద చేతిలో తెర మీద ఎర్ర హృదయాలు పైకి పోతూనే ఉన్నాయి, లోపల ఏం జరిగిందో తెలియనివాళ్ళు పంపుతూనే ఉన్నారు. చాలాసేపటికి ఆమెకు ఫోన్ ఆపాలని తోచింది.

తీర్మానం రద్దయింది. ఊళ్ళో ఆ జాతుల కుక్కలు పదకొండు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. వాటికి పిల్లలు కూడా పుట్టాయని విన్నాను. చలపతి ఉద్యోగం మానేశాడు. సంఘం వాళ్ళు నగరంలో తమ ఆఫీసు హాల్లో నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, కింద "ఒక విజయానికి గుర్తు" అని రాయించారు. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నవ్వుతారు కూడా, ఫోటో కదా.

పోయిన నెల నాగవేణి వచ్చింది. సునంద పక్కనే ఉంది. సంఘం వాళ్ళు రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె పెట్టె తెరవమంది. తెరిచాక నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని, మొహానికి ఆనించుకుని వాసన చూసింది. తర్వాత, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా అడిగింది.

"పూర్ణం నన్ను తిట్టుకున్యాదా?"

లేదమ్మా. ఆ చివరి గంటలో నేను దాని మూతి మీదే ఉన్నాను, నాకంటే దగ్గరగా ఎవరూ లేరు. నన్ను లాగడం మానేశాక అది నాలుకతో లోపలి గుడ్డను వెతికింది. నీ కొబ్బరినూనె వాసన అక్కడే ఉంది. నీ ఇంటి నుంచి దానితో వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అది నన్ను నాకుతూనే కళ్ళు మూసింది.

ఇదంతా నేను చెప్పలేను. ఆమె జవాబు కోసం ఎదురుచూసినట్టే కాసేపు నిలబడింది. ఎవరో ఫోన్ ఎత్తితే సునంద అడ్డంగా చెయ్యి పెట్టింది. నాగవేణి నన్ను మళ్ళీ పెట్టెలో పెట్టి, కొంగుతో అద్దం తుడిచి వెళ్ళిపోయింది.