ఏడో గద్ద

వాచీ అంచు పళ్ళలో ఇరుక్కున్న మనిషి చర్మం ఎండిపోతే బ్రష్షుకు రాదు. సబ్బునీళ్ళలో ఒక పూట నానబెట్టి, సన్నటి పుల్లతో ఒక్కో పన్నూ గీకాలి. ముప్ఫై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నాను. ఈ సంగతి నాకు విద్య నేర్పిన గురువుకు కూడా తెలియదు. మా తమ్ముడి వాచీ తుడుస్తూ నేర్చుకున్నాను.

వాడు లారీల యార్డులో పెద్దాయన దగ్గర పనిచేసేవాడు. పనంటే, ఆయన ఎవరిని చూపిస్తే వాళ్ళను కొట్టడం. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. అలాంటివాళ్ళు ఆయన దగ్గర ఏడుగురు. ఏడుగురికీ నమ్మకానికి గుర్తుగా తలా ఒక గద్ద మార్కు వాచీ ఇచ్చాడు. గద్ద మార్కంటే మాటలు కాదు, కోటు వేసుకునేవాళ్ళ చేతికుండే సరుకు. 'పట్టింది వదలదు' అని కంపెనీవాడి ప్రకటన. పెద్దాయనకు ఆ ముక్క తెగ నచ్చింది. తను మాత్రం ఏ వాచీ పెట్టుకోడు. "నేను వచ్చిందే టైము" అంటాడు.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. మంచి వాచీ అంటే చెయ్యి తిప్పి ఒక్క చూపు చూస్తే టైము తెలిసిపోవాలి, ఆ తర్వాత అది చేతికి ఉందన్న సంగతే మర్చిపోవాలి. గద్ద వాచీ బూటు పాలిష్ డబ్బా మూతంత ఉంటుంది. పెద్ద ముఖంలో మళ్ళీ మూడు చిన్న ముఖాలు, అవి ఎందుకో కట్టుకున్నవాడికే తెలియదు. మూడు వందల మీటర్ల లోతు నీళ్ళలో కూడా ఆగదట. ఆ ఏడుగురిలో ఒక్కడికీ ఈత రాదు. అంచు చుట్టూ పళ్ళు, తడి చేత్తో తిప్పుకోవడానికట. మావాళ్ళు ఆ పళ్ళను ఎదుటివాడి చెంప మీద తిప్పేవారు. మామూలు మనిషి దెబ్బలాటకు దిగేముందు వాచీ విప్పి జేబులో వేసుకుంటాడు. వీళ్ళు చొక్కా చెయ్యి పైకి మడిచి మరీ వాచీ బయటపెట్టేవారు. పన్నెండు అంకె ఉండాల్సిన చోట గద్ద తల చెక్కి ఉంటుంది. నా కంటికి అది గింజలు వెతుక్కునే కోడి. ఆ మాట అన్నందుకు తమ్ముడు నాతో వారం రోజులు మాట్లాడలేదు.

"నీకు కుళ్ళు అన్నయ్యా. నీ బతుకంతా ఎవడెవడివో వాచీలు తుడవడమేగా. నన్ను పిలిచి, నలుగురి ముందు చేతికి కట్టాడాయన," అన్నాడు ఎనిమిదో రోజున.

అమ్మా నాన్నా పోయాక వాణ్ణి పెంచింది నేనే. నా పనిబల్ల పక్కన స్టూలు మీద కూర్చుని పెరిగాడు. పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగు ఎలా పట్టుకోవాలో నేర్పాను. "చెయ్యి కుదురుగా పెట్టరా" అంటూ వాడి వేళ్ళ మీద ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. పని అబ్బలేదు. దెబ్బలు మాత్రం అబ్బాయి.

రెండేళ్ళ కిందట వాడి వాచీ ఆగిపోయింది. గద్ద వాచీలు ఎవరూ బయట విప్పించకూడదని యార్డులో కట్టడి. చెడితే పెద్దాయన బావమరిదికే ఇవ్వాలి. అతన్ని సెంటుబాబు అంటారు, మనిషి కంటే ముందు వాసన వస్తుంది. ఆ వాచీలు పైదేశం నుంచి తెప్పించింది అతనే, 'కంపెనీకి పంపించి' బాగుచేయించి తెచ్చేదీ అతనే. తమ్ముడు మాత్రం, అన్న ఉండగా ఇంకొకడి చేతికి ఎందుకని నాకు తెచ్చిచ్చాడు.

మూత విప్పితే లోపల బొత్తాం లాంటి బ్యాటరీ, దాని పక్కన ప్లాస్టిక్ చక్రాలు. గద్ద వాచీకి బ్యాటరీ ఉండదు. చెయ్యి ఊపుకే దాని కీ తిరుగుతుంది. సంతలో పిల్లల చేతికి కట్టే సరుకు తెచ్చి దీంట్లో పోశారు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మూత తీసి బల్లకేసి కొట్టాను. దీనికోసం నా తమ్ముడు ఎంతమంది దవడలు పగలగొట్టాడు! వీపున రెండు కత్తిపోట్లు తిన్నాడు!

వాడికి చెప్పలేకపోయాను. నా నోరు మంచిది కాదని వీధంతా అంటారు, అయినా ఆ ఒక్క మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నేను చేసిన పని ఇది. ఒక ముసలి పళ్ళ డాక్టరు బీరువాలో చెడిపోయిన అసలు గద్ద వాచీ పడి ఉంది. మా గురువు నాకు వదిలి వెళ్ళిన చిన్న లేతు మిషను, కట్టుడుపళ్ళు అరగదీయడానికి పనికొస్తుందంటే, ఆయనకిచ్చి ఆ వాచీ తెచ్చుకున్నాను. 'కంపెనీ పార్టు రావాలి' అని తమ్ముణ్ణి నాలుగు నెలలు తిప్పి, దాన్ని బతికించాను. వాడి పాత గొలుసే దానికి బిగించి ఇచ్చాను. వాడికి తేడా తెలియలేదు. వాచీ బాగుచేసిన ప్రతివాడూ మూత లోపల సూదితో తన గుర్తూ, తారీఖూ గీస్తాడు. దొంగచాటు పనికి గుర్తు పెట్టకూడదని నాకు తెలుసు. కానీ అంత గొప్పగా కుదిరిన పని మీద నా రెండు గీతలూ చుక్కా గీయకుండా ఉండలేకపోయాను.

మొన్న వేసవిలో, మిట్టమధ్యాహ్నం, గద్దవాళ్ళు ఇద్దరు నా కొట్టుకొచ్చారు.

"సామాన్లు తీసుకుని బయల్దేరు. నీ తమ్ముడు రమ్మంటున్నాడు," అన్నాడొకడు. వాడి పిడికిలి మీద తడి రక్తం ఉంది.

యార్డు వెనక షెడ్డులో, టైర్లు విప్పే ఇనప బల్ల మీద తమ్ముడి ఎడమ చెయ్యి చాపి ఇద్దరు అదిమి పట్టుకున్నారు. పై పెదవి చీలిపోయింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. చెంప మీద వరసగా పళ్ళ గాట్లు ఉన్నాయి. ఏ వాచీ గాట్లో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బల్ల మీద ఏడు వాచీలు, పక్కనే సమ్మెట. పెద్దాయన పాత లారీ సీటు మీద కూర్చుని పుల్లతో చెవి తిప్పుకుంటున్నాడు.

"రావయ్యా వాచీలాయనా. నిన్న ఫోటో కోసమని వీళ్ళను వరసగా నిలబెట్టా. ఆరు వాచీల్లో సెకన్ల సన్నముల్లు గెంతుతోంది. నీ తమ్ముడి దాంట్లో జారుతూ పోతోంది. ఎందుకంటావ్?"

"ఎందుకేముంది బావా! అసలుది అమ్ముకుని డూప్లికేటు కట్టుకున్నాడు," అన్నాడు సెంటుబాబు. "రెండేళ్ళయింది నా దగ్గరికి సర్వీసుకు తెచ్చి. దొంగ కాకపోతే ఎందుకు తేడు?"

తమ్ముడు రక్తం ఉమ్మాడు. "నేనమ్మలేదు సార్. మా అన్నయ్య నోరు మంచిది కాదు, కానీ వాచీ విషయంలో అబద్ధమాడడు. విప్పి చూసి చెప్పమనండి."

"అందుకే పిలిపించా," అన్నాడు పెద్దాయన. "అది డూప్లికేటని తేలితే, అది కట్టుకున్న చెయ్యి నాకు కావాలి."

ఆ చేతిని బల్ల మీదకు తెచ్చింది నేనే. ఆరు దొంగల మధ్య ఒక దొరను కూర్చోబెడితే దొరే దొంగలా కనిపిస్తాడని నాకు తట్టలేదు. నిజం చెబితే పెద్దాయన పరువు పోతుంది, పరువు పోయిన మనిషి షెడ్డులోంచి మమ్మల్ని బయటికి పంపడు. అబద్ధం చెబితే తమ్ముడి చెయ్యి పోతుంది.

ఏడూ విప్పాను.

"ఈ ఆరూ డూప్లికేట్లండి. మీరు అనుమానించిందొక్కటే అసలు."

మాట పూర్తికాకముందే ఒక గద్దవాడు నా దవడ మీద గుద్దాడు. పన్ను ఊడి నాలుక మీద పడింది. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు. "నా వాచీ డూప్లికేటా? నా వాచీనా?" అని అరుస్తూ ఇంకో తన్ను. వాడి గొంతులో ఏడుపు వినిపించింది.

"ఆపరా," అన్నాడు పెద్దాయన. "చూపించవయ్యా."

లేచి, నా కంటి అద్దం ఆయన కంటికి పెట్టాను. ఆరింట్లో బ్యాటరీలు చూపించాను, బ్యాటరీ వాచీలో ముల్లు గెంతుతుందనీ, అసలుదాంట్లో జారుతుందనీ చెప్పాను. గద్ద తల చూపించాను. అసలు గద్దకు కంట్లో సూదిమొనంత చుక్క ఉంటుంది. ఆ ఆరింటికీ కన్నే లేదు. ఆయన ఒక్కొక్కటీ నింపాదిగా చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సెంటుబాబే ముందు నోరు జారాడు.

"మోసం బావా! నేను తెచ్చినవి ఏడూ ఒకటే రకం! ఆ ఒక్కటీ వీడే మార్చాడు!"

షెడ్డులో అందరూ అతని వైపు తిరిగారు. తనేమన్నాడో అతనికి అప్పుడు తెలిసింది.

పెద్దాయన లేచి సమ్మెట అందుకున్నాడు. ముందు ఆరు వాచీలూ కొట్టాడు, ఒక్కోదానికి ఒక్క దెబ్బ. ఎగిరిన గాజుముక్క నా నుదుట గుచ్చుకుంది. తర్వాత సెంటుబాబు మోకాలి చిప్ప మీద కొట్టాడు. కట్టె విరిగిన చప్పుడయింది. రెండోసారి ఎత్తితే "అక్క మొహం చూసి వదిలెయ్ బావా" అని కాళ్ళు పట్టుకున్నాడు. అక్క మొహం చూసే కాబోలు, ఆ దెబ్బ తలకు కాకుండా రెండో మోకాలికి పడింది. సెంటు వాసన, మూత్రం వాసన కలిసిపోయాయి.

ఇక అయిపోయిందనుకున్నాను. పెద్దాయన తమ్ముడి వాచీ మూత వెలుతురుకు తిప్పి చూస్తున్నాడు.

"ఈ గీతలేంటి?"

"నా గుర్తండి."

"తారీఖు రెండేళ్ళ కిందటిది. అంటే రెండేళ్ళ కిందే నీకు తెలుసు. నాకు చెప్పలేదు. నా పేరు మీద నా మనిషికి నువ్వు బహుమతి ఇచ్చావ్." ఆయన గొంతు పెంచలేదు. "ఏరా, ఇప్పుడు నువ్వు ఎవరి మనిషివి? నా మనిషివా, మీ అన్న మనిషివా?"

తమ్ముడు నా వంక చూశాడు. ఆ తెరిచి ఉన్న ఒక్క కంటిలో ఉన్నంత కోపం నేనెప్పుడూ ఎవరి కళ్ళలోనూ చూడలేదు.

"మీ మనిషినే సార్."

"ఆరు డూప్లికేట్లు. మీ అన్నవి ఆరు వేళ్ళు కొట్టు. ఏ ఆరన్నది నీ ఇష్టం. చెయ్యనన్నావో, ఇద్దరివీ తలలే."

వాడి చెయ్యి వదిలి నా చేతులు చాపారు. సమ్మెట ఇవ్వబోతే తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దు. చిన్న సుత్తి ఇవ్వండి."

గద్దవాళ్ళు నవ్వారు. చిన్న సుత్తి అయితే నొప్పి ఎక్కువ అన్నాడొకడు. తమ్ముడు నా మీదికి వంగాడు. వాడి పెదవి నుంచి రక్తం నా చేతి మీద పడింది.

"చెయ్యి కుదురుగా పెట్టు అన్నయ్యా," అన్నాడు.

ముందు కుడి చిటికెన వేలు. తర్వాత ఉంగరం వేలు, మధ్యవేలు. నేను అరిచిన అరుపుకు బయట లారీ కడుగుతున్నవాళ్ళు నీళ్ళు కట్టేశారట. ఆ తర్వాత ఎడమ చెయ్యి, అదే వరస. స్పృహ తప్పేముందు చూశాను. రెండు చేతులకూ బొటనవేలూ చూపుడువేలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పట్టకారు పట్టుకునే వేళ్ళు అవే.

కట్లు విప్పేసరికి మూడు నెలలు పట్టింది. ఆరు వేళ్ళూ వంగనూ వంగవు, చాపనూ చాపలేను. అయినా పని మానలేదు. నాలుగు వేళ్ళతో కొట్టు నడుస్తోంది. తమ్ముడి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నాను, రోజూ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఒకరోజు కొట్టు తెరిచిన కాసేపటికి వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇది నీది. నీ బల్ల మీది లేతు దీనికోసమే పోయిందని ఆ డాక్టరు చెప్పాడు. ఇచ్చేసి తెచ్చుకో. నాకు ఆయనిచ్చిందేది?"

సొరుగులోంచి, వేరే పట్టీ బిగించి దాచిన ఆ పాత డూప్లికేటు తీసి వాడి మొహాన కొట్టినట్టు విసిరాను. పట్టుకున్నాడు. కన్నులేని గద్దను కాసేపు చూసుకుని చేతికి కట్టుకున్నాడు.

"బ్యాటరీ లేదు దాంట్లో," అన్నాను.

"వద్దులే. దీనికి ఇంక టైముతో పనిలేదు."

"ఎక్కడికిరా?"

"యార్డుకు." చొక్కా చెయ్యి పైకి మడిచి, వాచీ బయటపెట్టాడు. "పదేళ్ళుగా ఎవరెవరి ఎముకలో విరగ్గొట్టించాడు అన్నయ్యా. చివరికి నీవి. ఇంక ఆయనవొక్కటే మిగిలాయి."

నడుముకు, చొక్కా కింద, ఆ చిన్న సుత్తి కనిపించింది. అక్కడ ఇంకా ఆరుగురు ఉన్నారు. వీడు ఒక్కడు. పెద్దాయన దాకా వెళితే వెళతాడేమో, తిరిగి మాత్రం రాడు. బల్ల మీదుగా ఎగిరి దూకాను. "వద్దురా, నా వేళ్ళు పోతే పోయాయి, నువ్వుండరా" అంటూ రెండు చేతులతో వాడి మణికట్టు పట్టుకున్నాను.

ఇప్పటికీ వెంట్రుకంత స్ప్రింగును వణక్కుండా పట్టుకోగలను నేను. వాడు మిగిల్చిన వేళ్ళు అందుకు సరిపోతాయి. మనిషిని ఆపాలంటే పిడికిలి బిగియాలి. నా పిడికిలి బిగియలేదు.

వాడు నా వేళ్ళను ఒక్కొక్కటే, నొప్పి పుట్టకుండా విడదీసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.